పాత డిస్క్ ప్లేయర్ తక్కువలో కొనడం ఎలా

పెట్టె నిండా సీడీలు, డీవీడీలు ఉన్నాయి, ఆడించడానికి మెషీన్ లేదు. కొత్తది కొందామంటే ఎంపిక ఏడాదికేడాది తగ్గిపోతోంది. మంచి ప్లేయర్లకు పేరుపడ్డ ఓపో కంపెనీ 2018లోనే ఈ వ్యాపారం నుంచి తప్పుకుంది. సెకండ్ హ్యాండ్‌లో మాత్రం సరుకు బోలెడు. అమ్మేవాళ్లలో చాలామందికి అది అల్మరాలో చోటు తినే పాత సామాను, ఎవరైనా పట్టుకుపోతే చాలనుకుంటారు, అందుకే చవగ్గా ఇచ్చేస్తారు. చిక్కేమిటంటే వాళ్లు కూడా దాన్ని ఏళ్ల తరబడి ముట్టుకుని ఉండరు. "బాగానే పనిచేస్తుందండీ" అన్నారంటే, చాలాసార్లు ప్లగ్గు పెడితే లైటు వెలిగిందని మాత్రమే అర్థం.

బ్రాండు, లోపలి చిప్పు పేరు, ఫీచర్ల జాబితా ఇవన్నీ తర్వాత. మీ డిస్కులకు సరిపోతుందా, మీ టీవీకి తగులుతుందా, దాని లేజర్ బాగుందా అన్న మూడు ప్రశ్నలకు జవాబు దొరికాకే డబ్బు తీయండి.

1. ముందు మీ డిస్కులు బయటికి తీయండి

మెషీన్ల వేటకు వెళ్లే ముందు మీ దగ్గరున్న డిస్కులను రకాలవారీగా విడదీయండి. చూడ్డానికి అన్నీ 12 సెంటీమీటర్ల మెరిసే బిళ్లలే గానీ లోపల వేటి లెక్క వాటిదే. 1982లో వచ్చిన ఆడియో సీడీని 780 నానోమీటర్ల లేజర్ చదువుతుంది, డీవీడీకి 650 నానోమీటర్ల ఎర్ర లేజర్ కావాలి, హెచ్‌డీ సినిమాల డిస్కు అయిన బ్లూ-రేకి 405 నానోమీటర్ల నీలి ఊదా లేజర్ కావాలి. ఈ అంకెలు గుర్తుపెట్టుకోనక్కర్లేదు. ఒకే డీవీడీ లేదా బ్లూ-రే ప్లేయర్‌లో సాధారణంగా రెండు మూడు లేజర్లు ఉంటాయని, వాటిలో ఒకటి పోయినా మిగతావి పనిచేయవచ్చని గుర్తుంటే చాలు. పరీక్ష దగ్గర ఇదే పనికొస్తుంది.

వీసీడీలు ఉన్నాయా? ఒక సినిమా రెండు మూడు డిస్కుల్లో ఉంటే అవి దాదాపుగా వీసీడీలే, ఒక్కో దాంట్లో 74 నుంచి 80 నిమిషాలకు మించి పట్టదు. డీవీడీ ప్లేయర్లలో చాలావరకు వీటిని ఆడిస్తాయి, బ్లూ-రే ప్లేయర్లలో మొండికేసేవి చాలా ఉన్నాయి. పాత వీసీడీలే మీ అసలు ఆస్తి అయితే బ్లూ-రే వైపు వెళ్లే ముందు రెండుసార్లు ఆలోచించండి.

ఇంట్లో కంప్యూటర్ మీద రాసుకున్న డిస్కులు ఉంటే అవి ఒక్కసారే రాయగలిగే సీడీ-ఆర్ రకమా, సీడీ-ఆర్‌డబ్ల్యూ రకమా చూడండి. మళ్లీ మళ్లీ రాయగలిగే ఆర్‌డబ్ల్యూ డిస్కు మామూలు సీడీ కన్నా చాలా తక్కువ వెలుతురును తిప్పిపంపుతుంది. 1990ల నాటి సీడీ ప్లేయర్లలో చాలా వాటికి అది అసలు కనబడనే కనబడదు. ఎంపీ3 పాటలు నింపిన సీడీలను కూడా పాత సీడీ ప్లేయర్లు ఆడించవు. వాటికి డీవీడీ ప్లేయర్ నయం.

ఇక రీజియన్ కోడ్ గొడవ. ఒక ప్రాంతంలో అమ్మిన డిస్కు ఆ ప్రాంతపు ప్లేయర్‌లోనే ఆడేలా చాలా డిస్కులకు పెట్టిన తాళం ఇది. డీవీడీలకు 1 అంటే అమెరికా, కెనడా; 2 అంటే యూరప్, జపాన్; 3 ఆగ్నేయాసియా, దక్షిణ కొరియా; 4 ఆస్ట్రేలియా, లాటిన్ అమెరికా; 5 భారత్, రష్యా, ఆఫ్రికాలో చాలా భాగం; 6 చైనా. బ్లూ-రేకి మూడే, ఎ, బి, సి. ప్లేయర్ వెనకాల చిన్న భూగోళం బొమ్మ మీద ఈ అంకె గానీ అక్షరం గానీ అచ్చేసి ఉంటుంది. డీవీడీ ప్లేయర్లలో చాలా వాటిని రిమోట్‌తో ఒక కోడ్ నొక్కి అన్ని రీజియన్లకూ తెరవొచ్చు, బ్లూ-రే రీజియన్ అంత తేలిగ్గా లొంగదు. 2016లో వచ్చిన 4కె బ్లూ-రే డిస్కులకు ఈ బాధ లేదు. అయితే 4కె ప్లేయర్‌లో మామూలు బ్లూ-రే వేస్తే రీజియన్ మళ్లీ అడ్డం వస్తుంది. అన్ని డిస్కులూ ఒకే ప్రాంతంలో కొన్నవైతే ఈ పేరా మర్చిపోండి.

2. టీవీ వెనకాల, ఆంప్లిఫయర్ వెనకాల చూడండి

ఫోన్‌తో ఆ సాకెట్లకు ఒక ఫొటో తీసుకుని దగ్గర పెట్టుకోండి. కొనే చోట ఇది చాలా ఉపయోగపడుతుంది.

పసుపు, ఎరుపు, తెలుపు పిన్నుల ఏవీ కేబుల్ అందరికీ తెలిసిందే. బొమ్మ మొత్తం ఆ ఒక్క పసుపు తీగలోనే వెళ్తుంది కాబట్టి నాణ్యతలో అదే అట్టడుగు. ఆకుపచ్చ, నీలం, ఎరుపు పిన్నులుండే కాంపొనెంట్ దానికన్నా ఎంతో మెరుగు. హెచ్‌డీఎంఐ ఉంటే ఒక్క కేబుల్‌తో పని అయిపోతుంది. కొత్త టీవీలు కొన్నిటికి ఈ పసుపు, ఎరుపు, తెలుపు సాకెట్లే లేవు. అలాంటి టీవీకి హెచ్‌డీఎంఐ లేని డీవీడీ ప్లేయర్ కొంటే మధ్యలో కన్వర్టర్ ఒకటి కొనాలి, చవగ్గా దొరికిందన్న సంతోషం అక్కడే పోతుంది.

తిరగేసి కూడా చూడాలి. మీది పాత టీవీ, హెచ్‌డీఎంఐ లేదు, బ్లూ-రే కావాలి అనుకోండి. 2011 నుంచి తయారైన బ్లూ-రే ప్లేయర్లు కాంపొనెంట్ పిన్నుల నుంచి బ్లూ-రే బొమ్మను హెచ్‌డీలో పంపవు, మామూలు డీవీడీ స్థాయికి తగ్గించి పంపుతాయి. 2014 నుంచి తయారైన వాటికి అనలాగ్ వీడియో ఔట్‌పుట్టే (పసుపు పిన్ను, కాంపొనెంట్ పిన్నులు) ఉండదు. సినిమా కంపెనీలు కాపీ భయంతో పెట్టించిన నియమం ఇది. అంటే మీకు కావాల్సింది 2010లోపు తయారైన మెషీన్. తయారైన సంవత్సరం చాలాసార్లు వెనక స్టిక్కర్ మీదే ఉంటుంది.

పాటలు వినడానికైతే ఇంకో ఉచ్చు ఉంది. చవక బ్లూ-రే ప్లేయర్లలో చాలా వాటికి హెచ్‌డీఎంఐ తప్ప ఇంకేమీ ఉండదు. ఎరుపు తెలుపు ఆడియో పిన్నులు లేకపోతే మీ పాత స్టీరియోకు దాన్ని నేరుగా తగిలించలేరు. కనీసం ఆప్టికల్ గానీ, నారింజ రంగు కోయాక్సియల్ గానీ డిజిటల్ ఆడియో సాకెట్ ఉండి, మీ ఆంప్లిఫయర్‌కీ అదే ఉండాలి. పైగా ఇలాంటి ప్లేయర్లకు ముందు వైపు డిస్‌ప్లే ఉండదు. నాలుగో పాట పెట్టాలంటే టీవీ ఆన్ చేయాలి. రోజూ సీడీలు వినేవాళ్లకు వారంలోనే విసుగొచ్చే విషయం ఇది.

3. ఏ రకం మెషీన్ కొనాలో తేల్చుకోండి

పాటలే ముఖ్యమైతే విడి సీడీ ప్లేయర్ కొనండి. డిస్‌ప్లే ఉంటుంది, పాట నంబర్ నొక్కితే వెళ్తుంది, ఆపకుండా ఒకదాని వెంట ఒకటి సాగే కచేరీ రికార్డింగుల్లో పాటల మధ్య ఖాళీ రాదు. డీవీడీ ప్లేయర్లలో కొన్ని పాటకీ పాటకీ మధ్య అర క్షణం మౌనం పెడతాయి, రాగం సాగుతుండగా అలా తెగితే చిరాకేస్తుంది. అమ్మేవాళ్లు "ఇందులో 24 బిట్ చిప్ ఉంది, ఫలానా జపాన్ మోడల్" అని ధర పెంచుతుంటారు. సీడీలో ఉన్నదే 16 బిట్ శబ్దం. దాన్ని తప్పుల్లేకుండా చదివే ఆరోగ్యమైన లేజర్ ఉన్న మామూలు ప్లేయర్, లేజర్ అలసిపోయిన గొప్ప ప్లేయర్ కన్నా ఎన్నో రెట్లు మేలు.

పాటలూ సినిమాలూ రెండూ కావాలి, డబ్బు తక్కువ, డిస్కులన్నీ సీడీ, వీసీడీ, డీవీడీలే అంటే డిస్‌ప్లే, హెచ్‌డీఎంఐ రెండూ ఉన్న డీవీడీ ప్లేయర్ చూడండి. నా లెక్కలో ఎక్కువమందికి సరిపోయేది ఇదే.

బ్లూ-రే ప్లేయర్ డీవీడీని కూడా ఆడిస్తుంది, పెద్ద టీవీ మీద డీవీడీ బొమ్మను కాస్త తీర్చిదిద్ది చూపిస్తుంది. కొనే ముందు ఆ మోడల్ నంబర్‌తో కంపెనీ వెబ్‌సైట్‌లో సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ ఫైలు ఇంకా దొరుకుతోందేమో చూడండి. బ్లూ-రే డిస్కుల రక్షణ తాళాలు కాలంతోపాటు మారుతుంటాయి, అప్‌డేట్ చేయని పాత ప్లేయర్ కొత్త డిస్కును నిరాకరించవచ్చు. వీడియో యాప్‌లు ఉన్నాయని ఎక్కువ అడిగితే పట్టించుకోకండి, పదేళ్ల నాటి ప్లేయర్‌లో ఆ యాప్‌లు సాధారణంగా ఎప్పుడో ఆగిపోయి ఉంటాయి.

హెచ్‌డీ డీవీడీ అని రాసున్న మెషీన్లు అప్పుడప్పుడు చాలా చవగ్గా కనిపిస్తాయి. బ్లూ-రేతో పోటీలో ఓడిపోయి 2008లో ఆగిపోయిన పద్ధతి అది. మామూలు డీవీడీ ఆడుతుంది గానీ బ్లూ-రే ఆడదు. పేరు చూసి పొరబడకండి.

గేమ్ కన్సోళ్లు కూడా డిస్క్ ప్లేయర్లే. ప్లేస్టేషన్ 3 సీడీ, డీవీడీ, బ్లూ-రే మూడూ ఆడిస్తుంది. కాకపోతే ఫ్యాన్ చప్పుడు చేస్తుంది, కరెంటు ఎక్కువ తాగుతుంది, మామూలు రిమోట్ దానికి పనిచేయదు. ప్లేస్టేషన్ 4, 5లలో ఆడియో సీడీ ఆడదు, చాలామందికి ఇది కొన్నాక తెలుస్తుంది. ఎక్స్‌బాక్స్ 360లో బ్లూ-రే లేదు. ఎక్స్‌బాక్స్ వన్ ఎస్ అయితే 4కె బ్లూ-రే కూడా ఆడిస్తుంది. గేములు ఆడేవాళ్లు కొత్తదానికి మారినప్పుడు ఇవి తక్కువకు వస్తాయి.

4. వెళ్లే ముందు అడగండి

ఫోన్‌లోనో మెసేజ్‌లోనో మోడల్ నంబర్, రిమోట్ ఉందా, చివరిసారి ఎప్పుడు డిస్కు పెట్టి చూశారు, వెనక వైపు ఫొటో పంపగలరా అని అడగండి. వెనక స్టిక్కర్ మీద వోల్టేజ్ చూసుకోండి. 100-240 అని ఉంటే ఎక్కడైనా పనిచేస్తుంది, 110 లేదా 120 మాత్రమే ఉంటే 220-240 వోల్టుల ప్రాంతంలో నేరుగా ప్లగ్గు పెట్టకూడదు, పెడితే కాలిపోతుంది.

రిమోట్ మాట తేలిగ్గా తీసుకోవద్దు. కొత్త కాలపు ప్లేయర్లలో చాలా వాటి మీద ఆన్, ఓపెన్, ప్లే తప్ప బటన్లు ఉండవు. డీవీడీ మెనూలో పైకీ కిందకీ కదలాలన్నా, సబ్‌టైటిల్ మార్చాలన్నా, సెట్టింగుల్లోకి వెళ్లాలన్నా రిమోటే దిక్కు. అది లేదంటే ఆ మోడల్‌కు విడి రిమోట్ ఎంతకు దొరుకుతుందో చూసి, ఆ మొత్తాన్ని ధరలోంచి తగ్గించుకుని మాట్లాడండి.

5. చేతిలో డిస్కులతో పరీక్షించండి

ఖాళీ చేతులతో వెళ్లొద్దు. నాలుగు డిస్కులు పట్టుకెళ్లండి: 70 నిమిషాలు దాటిన కంపెనీ సీడీ ఒకటి, ఇంట్లో రాసుకున్న సీడీ-ఆర్ ఒకటి, రెండు గంటలు దాటిన సినిమా ఉన్న డీవీడీ ఒకటి, కొద్దిగా గీతలు పడినా ఆడుతుందని మీకు తెలిసిన డిస్కు ఒకటి. బ్లూ-రే ప్లేయర్ అయితే ఒక బ్లూ-రే కూడా. అమ్మేవాళ్లు తమ డిస్కు పెట్టి చూపిస్తామంటే చూడండి, ఆ తర్వాత మీవి కూడా పెట్టండి. ఆ మెషీన్‌లో ఏది ఆడుతుందో వాళ్లకు తెలుసు కదా.

ప్లగ్గు పెట్టక ముందే దాన్ని చేతిలోకి తీసుకుని కొద్దిగా వంచండి. లోపల ఏదైనా దొర్లితే విడిపోయిన స్క్రూ గానీ, లోపలే ఉండిపోయిన డిస్కు గానీ అయ్యుంటుంది. గాలి రంధ్రాల దగ్గర ముక్కు పెట్టి చూడండి. సిగరెట్ వాసన కొడితే ఆ పొగ జిడ్డు లెన్స్ మీద కూడా పేరుకుని ఉంటుంది.

ఇప్పుడు ఆన్ చేసి ట్రేను ఐదారుసార్లు తెరిచి మూయండి. సాఫీగా రావాలి. మధ్యలో ఆగి, వేలితో లాగితే గానీ రాకపోతే లోపలి రబ్బరు బెల్టు సాగిపోయింది. ఇది చిన్న జబ్బే, బెల్టు చవక. ట్రే బయటికొచ్చి తనంతట తానే మళ్లీ లోపలికి వెళ్లిపోతుంటే మాత్రం స్విచ్ గానీ గేరు గానీ పాడై ఉండొచ్చు.

సీడీ పెట్టి ట్రే మూసి, చెవి దగ్గర పెట్టి వినండి. డిస్కు తిరగడం మొదలవుతుంది, లెన్స్ ఫోకస్ వెతుక్కుంటూ చిన్నగా టిక్ టిక్ మంటుంది, కొన్ని సెకన్లలో డిస్‌ప్లే మీద మొత్తం పాటలెన్నో, నిమిషాలెన్నో వచ్చేయాలి. తిరిగి, ఆగి, మళ్లీ తిరిగి, మళ్లీ ఆగి చివరికి చదివిందంటే లేజర్ బలహీనపడింది, లేదా లెన్స్ మీద దుమ్ముంది. ఏదైందో అక్కడ తేలదు కాబట్టి లేజర్ పోయిందనే లెక్కేసుకుని ధర మాట్లాడండి.

మొదటి పాట ఆడితే సంబరపడకండి. సీడీని లోపలి అంచు నుంచి బయటి అంచుకు చదువుతారు. లోపలి వైపు డిస్కు ఊగడం తక్కువ, అక్కడ ఏ ముసలి ప్లేయరైనా ఎలాగోలా నెట్టుకొస్తుంది. నేరుగా చివరి పాటకు దూకండి. నిడివైన సీడీలో చివరి పాట డిస్కు బయటి అంచు దగ్గర ఉంటుంది. అక్కడ గరగరలు, తెగిపోవడం, అదే ముక్క మళ్లీ మళ్లీ రావడం లేకపోతే లేజర్‌నూ, దాన్ని నడిపే పట్టాలనూ నమ్మొచ్చు. అక్కడి నుంచి మళ్లీ మొదటి పాటకు, మళ్లీ మధ్యకు దూకించండి. దూకిన ప్రతిసారీ రెండు మూడు సెకన్లకు మించి పట్టకూడదు.

సీడీ బాగా ఆడినంత మాత్రాన డీవీడీ ఆడుతుందని లేదు. పైన చెప్పినట్టు రెండింటికీ లేజర్లు వేరు. సీడీలు చక్కగా పాడుతూ డీవీడీ పెడితే "నో డిస్క్" అనే ప్లేయర్లు పాత సామాన్లలో మామూలే, దీనికి తలకిందుల రకం కూడా ఉంటుంది. అందుకే ప్రతి రకానికీ విడిగా పరీక్ష.

డీవీడీ విషయంలో ఒక కిటుకుంది. ఒక పొర డీవీడీలో 4.7 జీబీ పడుతుంది, రెండు పొరల దాంట్లో 8.5 జీబీ. నిడివైన సినిమాలు సాధారణంగా రెండు పొరల డిస్కుల్లో ఉంటాయి. సినిమా సగానికి అటూ ఇటుగా లేజర్ మొదటి పొర వదిలి రెండో పొర మీద ఫోకస్ పట్టుకోవాలి. పాత ప్లేయర్లలో అక్కడ బొమ్మ అర సెకను ఆగుతుంది, అది మామూలే. ఆగి అలాగే ఉండిపోయినా, గళ్లు గళ్లుగా చెదిరినా, మెనూకు తిరిగి వెళ్లిపోయినా లేజర్ చివరి దశలో ఉంది. మీ ఇంటి డిస్కులో పొర మారే చోటు ఎన్నో నిమిషంలో వస్తుందో ముందే తెలిసి ఉంటే అక్కడికి రెండు నిమిషాల ముందు నుంచి పెట్టి చూడొచ్చు. తెలియకపోతే సినిమా చివరి సీన్లకు వెళ్లి చూడండి, అవి రెండో పొర మీదే ఉంటాయి.

వీలైతే అరగంటైనా ఆడనివ్వండి. చల్లగా ఉన్నప్పుడు బుద్ధిగా ఉండి వేడెక్కాక మొరాయించే మెషీన్లు ఉంటాయి. ఆ సమయంలో అన్ని సాకెట్లలోనూ కేబుల్ పెట్టి మెల్లగా కదిపి చూడండి. ఒక చెవిలో శబ్దం వచ్చి పోతుంటే సాకెట్ టంకం వదిలింది. ఒకవేళ ఏదైనా డిస్కు తడబడితే నేరం ప్లేయర్ మీద మోపే ముందు డిస్కును వెలుతురుకు ఎత్తి పట్టండి. సీడీలో మెరుపు పొర లేబుల్ కిందే ఉంటుంది, కాబట్టి పైవైపు గీత పడితే సూది బెజ్జాల్లాంటి వెలుగు చుక్కలు కనిపిస్తాయి. అలాంటి సీడీని ఏ ప్లేయరూ బాగుచేయలేదు.

యూఎస్‌బీ పోర్టు ఉందని చూపిస్తే మీ పెన్ డ్రైవ్ పెట్టి చూడండి. పాత ప్లేయర్లు సాధారణంగా ఫ్యాట్32 పద్ధతిలో ఫార్మాట్ చేసినదాన్నే చదువుతాయి, ఎంపీ3 పాటలు ఆడినా ఫోన్‌తో తీసిన వీడియోలు ఆడకపోవచ్చు. ఇది బోనస్, దీని కోసం ధర పెంచొద్దు.

జేబులో పెట్టుకునే సీడీ ప్లేయర్లు, తెర ఉన్న పోర్టబుల్ డీవీడీ ప్లేయర్లు అయితే బ్యాటరీ పోయిందనే అనుకుని కొనండి. బ్యాటరీ గది తెరిచి తెల్లటి గానీ పచ్చటి గానీ పొడి ఉందేమో చూడండి. అడాప్టర్ అసలుదే ఉండాలి. వోల్టులు గానీ, ప్లస్ మైనస్ వరస గానీ తేడా వస్తే కొత్త అడాప్టర్‌తో పాటు ప్లేయరూ పోతుంది.

6. బేరం ఎక్కడ ఆడాలి, ఎక్కడ వదిలేయాలి

పైన గీతలు, అరిగిన బటన్ అక్షరాలు, కాస్త మసకబారిన డిస్‌ప్లే, సాగిన బెల్టు: ఇవన్నీ ధర తగ్గించుకోవడానికి మీకు దొరికిన సాకులు. సంతోషంగా కొనండి. రిమోట్ లేకపోవడం దీనికి కొంచెం పైమెట్టు.

లేజర్ బలహీనపడితే అది వేరే లెక్క. సోనీ కేఎస్ఎస్-213 లాంటి విరివిగా వాడిన లేజర్ పికప్‌లు (లేజర్, లెన్స్ కలిసి ఉండే భాగం) విడిగా ఇప్పటికీ దొరుకుతాయి, మార్చగలిగిన చేయి ఉంటే పర్లేదు. అరుదైన మోడల్‌కైతే ఇంకో పాత ప్లేయర్ కొని దాంట్లోంచి పీకాల్సిందే. బ్లూ-రే లేజర్ పోతే చవక ప్లేయర్‌ను బాగుచేయించడం డబ్బు దండగ. ఆన్ చేయగానే కాలిన వాసన రావడం, లైటు ఆరుతూ వెలుగుతూ ఉండడం, ఐదు నిమిషాలకే ఆరిపోవడం ఇవి కరెంటు బోర్డు జబ్బులు. అవి కనిపిస్తే నమస్కారం పెట్టి వచ్చేయండి, ఎంత తక్కువకిచ్చినా సరే.

పరీక్షించనివ్వం, తిరిగి తీసుకోం అన్నా కూడా కొనాలనిపిస్తే, పోయినా బాధపడని మొత్తమే పెట్టండి.

7. ఇంటికి తెచ్చాక

తెచ్చేటప్పుడు లోపల డిస్కు లేకుండా చూసుకోండి. కొన్ని పాత సీడీ ప్లేయర్లకు అడుగున రవాణా స్క్రూ ఉంటుంది, మోసేటప్పుడు బిగించి, వాడే ముందు వదులు చేయాలి. అది బిగించి ఉన్న ప్లేయర్ డిస్కు చదవకపోతే పాడైందని అనుకుంటారు జనం. ఆ స్క్రూ కోసం అడుగున ఒకసారి చూడండి, ఎవరో పనికిరాదని వదిలేసిన మంచి మెషీన్ మీకు దొరకొచ్చు కూడా.

లెన్స్ మీద దుమ్ముందని అనుమానమైతే ముందు చిన్న బ్రష్ ఉన్న క్లీనింగ్ డిస్కు వాడి చూడండి. దాంతో కుదరకపోతే, ప్లగ్గు తీసేసి కాసేపాగి మూత విప్పి, 90 శాతం పైబడిన ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో కొద్దిగా ముంచిన దూది పుల్లతో లెన్స్‌ను బరువు వేయకుండా తుడవండి. లెన్స్ సన్నటి స్ప్రింగుల మీద తేలుతుంటుంది, నొక్కితే వంగిపోతుంది. కరెంటు బోర్డు వైపు చేయి పెట్టకండి, ప్లగ్గు తీశాక కూడా కెపాసిటర్లలో కరెంటు నిలవ ఉంటుంది. మూత తీసి ఉండగా ఆన్ చేసి లెన్స్‌లోకి తొంగిచూడటం అసలే వద్దు, కళ్లకు ప్రమాదం. డిస్కులను తుడిచేటప్పుడు మధ్య నుంచి అంచుకు నిలువుగా తుడవండి, గుండ్రంగా తిప్పొద్దు.

ఆంప్లిఫయర్ మీద ప్లేయర్ పెట్టకండి, వేడికి లేజర్ ఆయుష్షు తగ్గుతుంది. మీది వెడల్పు టీవీ అయితే ప్లేయర్ సెట్టింగుల్లో టీవీ ఆకారాన్ని 16:9కి మార్చండి. చాలా పాత డీవీడీ ప్లేయర్లు పాత టీవీల ఆకారమైన 4:3లో ఉండిపోతాయి, మనుషులు పొట్టిగా, లావుగా కనిపిస్తే కారణం సాధారణంగా ఇదే. ఆప్టికల్ తీగలో శబ్దం రాకపోతే అదే మెనూలో డిజిటల్ ఔట్‌ను పీసీఎంకు మార్చి చూడండి.

తిరిగిచ్చే గడువు ఏదైనా ఉంటే ఆ గడువులోపే మీ దగ్గరున్న ప్రతి రకం డిస్కునూ ఒక్కొక్కటి మొదటి నుంచి చివరి దాకా ఆడించేయండి. బిల్లు, అమ్మినవారితో మాట్లాడిన మెసేజ్‌లు అప్పటిదాకా చెరపొద్దు.